నల్లబండ మీద కాలు మడతపడి అయిదు రోజులు, వాపు దిగడం లేదు

కడపగడప
పోయిన బుధవారం పొద్దున పెరట్లో అంట్లు తోమి లోపలికి వస్తున్నాను. గడప ముందు మెట్టుకు కడప బండ పరిచారు, నీళ్లు పడితే అద్దమే. కుడి పాదం లోపలి వైపుకు మడతపడింది. టక్కుమని చప్పుడు కూడా వినిపించింది. తలుపు పట్టుకోబట్టి కింద పడలేదు. పది నిమిషాల్లో చీలమండ పక్కన కోడిగుడ్డంత వాపు వచ్చేసింది.

అప్పటినుంచి ఇంట్లో రోజుకో వైద్యం. మొదటి రోజు అత్తగారు ఆముదం రాసి గట్టిగా తోమి, వేయించిన ఉప్పు మూటతో కాపడం పెట్టారు. రాత్రికి వాపు రెట్టింపైంది. రెండో రోజు సున్నం, పసుపు కలిపి పట్టు వేశారు. మూడో రోజు మందుల షాపులో రెండు రకాల బిళ్లలు ఇచ్చారు. ఎదురింటి ఆవిడ ఐసు పెట్టమంటుంది. చల్లది తగిలితే కాలు పట్టేస్తుందని అత్తగారు. ఇప్పుడు చీలమండ దగ్గర వాపు కాస్త దిగింది కానీ, నలుపు వేళ్ల దాకా పాకింది. మడమ మీద కుంటుతూ నడుస్తున్నాను. వచ్చే ఆదివారం ప్రొద్దుటూరులో మా మరిది నిశ్చితార్థం. వేడి పెట్టాలా, చల్లది పెట్టాలా? ఎక్స్‌రే తీయించాలా? నలుపు చూస్తే భయంగా ఉంది.

ఉగ్గాణి_బజ్జి
పేరులోనే గడప పెట్టుకుని గడప దగ్గరే జారారా అక్కా!

నవ్వినందుకు క్షమించండి. ఐసు పెట్టేటట్లయితే మాత్రం నాలా పెట్టకండి. రెండేళ్ల కిందట క్రికెట్‌లో కాలు బెణికితే సోడా బండి వాడి దగ్గర ఐసు ముక్క తెచ్చి, నేరుగా చర్మానికి ఆనించి నిద్రపోయాను. లేచేసరికి బొబ్బ. బెణుకు వారంలో పోయింది, బొబ్బ మచ్చ ఇంకా ఉంది.

నల్లేరు_పచ్చడి
మా అమ్మమ్మ కాలం నుంచి ఉప్పు కాపడమే. ఎవరి కాలూ ఊడిపోలేదు. ఐసు ఫ్రిజ్‌లు వచ్చాక పుట్టిన వైద్యం. అత్తగారి మాట వినండి.

పీఈటీ_గుంతకల్లు
కాపడం చెడ్డదని కాదమ్మా, వేళ తప్పింది. బడిలో ఏడాదికి పది పదిహేను కాళ్లు చూస్తాను, ఖోఖో వాళ్లవే ఎక్కువ. బెణికిన మొదటి రెండు మూడు రోజులు లోపల సన్నటి రక్తనాళాలు తెగి కారుతూ ఉంటాయి. అప్పుడు వేడి పెట్టినా, నూనె రాసి తోమినా కారేది ఎక్కువవుతుంది. ఆ రాత్రి వాపు రెట్టింపు కావడానికి కారణం అదే. కాపడం నాలుగయిదు రోజులు పోయాక, బిగుసుకున్న కండరానికి హాయి.

ఐసుకు మా పద్ధతి: పాల ప్యాకెట్టు గడ్డకట్టించి, తడి తువాలు చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు. తీసేసి మళ్లీ రెండు గంటలకు.

ఉగ్గాణి_బజ్జి
ఆ పాలతో తర్వాత స్టాఫ్ రూములో టీ పెడతారా మాష్టారూ?

పీఈటీ_గుంతకల్లు
పెడతాం. హెడ్మాష్టరుకి తెలియదు.

పెన్నఒడ్డు
ఐసు గురించి అంత ధీమా వద్దు. విశ్రాంతి, ఐసు, బిగింపు కట్టు, కాలు ఎత్తి పెట్టడం, ఈ నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు. మూడు దశాబ్దాలు దాటాక ఆయనే, ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని మాట మార్చుకున్నాడు. వాపు అనేది శరీరం చేసుకునే మరమ్మతు పని, దాన్ని పూర్తిగా అడ్డుకోకూడదని వాదన.

నల్లేరు_పచ్చడి
చూశారా! అమ్మమ్మ గెలిచింది.

పెన్నఒడ్డు
అమ్మమ్మ గెలవలేదు. ఐసు ఓడిందంటే ఉప్పు మూట నెగ్గినట్టు కాదు.

ఫిజియో_నంద్యాల
వేడి చల్లన పంచాయతీ కాసేపు ఆపండి. ఆవిడకు అయిదు రోజులు అయిపోయాయి. ఇప్పుడు ఐసు పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా రాదు. ఐసు నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతవరకే దాని ఉపయోగం. పెన్నఒడ్డు చెప్పింది నిజమే, 2019లో కెనడా ఫిజియోలు రాసిన కొత్త సూచనలు కూడా ఐసును ప్రశ్నించాయి. మొదటి రోజు తోమించుకోవడం పొరపాటు, అయింది అయిపోయింది.

వేళ్ల దాకా పాకిన నలుపు గురించి భయం వద్దు. లోపల కారిన రక్తం నీళ్లలాగే పల్లానికి దిగుతుంది. పగలంతా కాలు కిందికి వేలాడేసి ఉంటారు కాబట్టి వేళ్ల దగ్గర తేలింది. ఇంకో వారంలో ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరిగి పోతుంది.

అసలు సంగతి ఎముక. ఎక్స్‌రే ఎవరికి తీయాలన్నదానికి 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు తేలికైన పరీక్ష కనిపెట్టారు, ఇప్పటికీ అందరం అదే వాడతాం. కడపగడప గారూ, మంచం మీద కూర్చుని ఒక వేలితో నొక్కి చూడండి. చీలమండకు బయట ఒకటి, లోపల ఒకటి ఎముక గుబ్బలు ఉంటాయి. వాటి కొన దగ్గర, వెనక అంచు వెంట ఆరు సెంటీమీటర్లు పైకి. తర్వాత పాదం లోపలి వంపు పైన చేతికి తగిలే ఎముక. చివరిగా చిటికెన వేలి నుంచి పాదం బయటి అంచు వెంట వెనక్కి రండి, సగం దూరంలో ఒక బొడిపె తగులుతుంది. మెత్తటి వాపు మీద నొప్పి అందరికీ ఉంటుంది, అది లెక్క కాదు. సరిగ్గా ఎముక మీద నొక్కితే ప్రాణం పోతుందా లేదా, అదే కావాలి. ఇంకో ప్రశ్న, మడతపడిన వెంటనే నాలుగు అడుగులు వేయగలిగారా?

కడపగడప
అడుగులు వేశాను, గోడ పట్టుకుని. ఇప్పుడు నొక్కి చూశాను. చీలమండ గుబ్బల దగ్గర సలుపు తప్ప పెద్దగా ఏమీ లేదు. లోపలి వైపు ఏమీ లేదు. చిటికెన వేలి వైపు మీరు చెప్పిన బొడిపె దగ్గర మాత్రం... నేను అరిచిన అరుపుకు వంటింట్లోంచి అత్తగారు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చారు.

ఫిజియో_నంద్యాల
అయితే రేపే ఎక్స్‌రే. ఒక మాట గుర్తు పెట్టుకోండి, చీలమండకు మాత్రమే తీసి పంపించేస్తే ఆ బొడిపె సరిగ్గా కనబడకపోవచ్చు. పాదానికి కూడా తీయమని వేలితో చూపించి అడగండి. కాలు లోపలికి మడతపడినప్పుడు ఆ బొడిపెకు అతుక్కున్న పట్టీలు లాగి, చిన్న ఎముక ముక్కను ఊడబెరకడం మామూలే. బెణుకు అనుకుని వదిలేసే ఎముక దెబ్బల్లో ఇదే ముందుంటుంది.

మందుల_మనిషి
ఆ రెండు రకాల బిళ్లలు ఏమిటో రేకుల మీద చూసి రాయగలరా? నేనూ కౌంటరు వెనక నిలబడేవాణ్ణే, అందుకే అనుమానం.

కడపగడప
ఒకదాని మీద అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325, సెర్రాషియోపెప్టిడేజ్ 15 అని ఉంది. పొద్దున, రాత్రి. రెండోది పారాసిటమాల్ 650, మూడు పూటలా. బాగా పనిచేస్తున్నాయని మామగారి మోకాళ్ల నొప్పికి కూడా నాలుగు ఇచ్చాను.

మందుల_మనిషి
అనుకున్నంతా అయింది. రెండింట్లోనూ పారాసిటమాల్ ఉంది. మీ లెక్క రోజుకు 2,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు 4,000 దాటకూడదు కాబట్టి ఇప్పటికి ప్రమాదం లేదు. కానీ మధ్యలో జ్వరమో తలనొప్పో వచ్చి మూడో రకం మింగితే లెక్క తప్పుతుంది, కాలేయానికి దెబ్బ. ఆ పెప్టిడేజ్ అనేది వాపు తీసేస్తుందని అమ్ముతాం, గట్టి ఆధారం మాత్రం తక్కువ. మా వాళ్లు నన్ను తిట్టినా సరే.

మామగారికి బీపీ ఉందా?

కడపగడప
ఉంది. టెల్మిసార్టాన్ వేసుకుంటారు.

మందుల_మనిషి
అయితే ఆ బిళ్లలు ఆయన దగ్గర నుంచి ఈ రాత్రే తీసేసుకోండి. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవన్నీ ఒకే కులం. ఈ రకం బీపీ మందుతో కలిస్తే, పెద్ద వయసులో, అందులోనూ ఎండాకాలంలో ఒంట్లో నీరు తక్కువైనప్పుడు కిడ్నీల మీద పడతాయి. కడుపులో పుండు ఉన్నవాళ్లకీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకీ కూడా పనికిరావు. మీకు నొప్పి తక్కువైతే ఒట్టి పారాసిటమాల్ చాలు. పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ మంచిదే. పలచగా రాయాలి, తోమకూడదు, దాని మీద కాపడం పెట్టకూడదు.

పశువుల_ఆసుపత్రి
డైక్లోఫెనాక్ మాట వచ్చింది కాబట్టి పక్కదారి. పశువులకు ఆ మందు ఇచ్చాక అవి చచ్చిపోతే, వాటిని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా పోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువైద్యానికి దాన్ని నిషేధించారు. కిడ్నీ దెబ్బ అంటే ఉత్త మాట కాదు.

ఉగ్గాణి_బజ్జి
మామగారిని రాబందుతో పోల్చారు. నిశ్చితార్థంలో గొడవే.

తాడిపత్రి_బండ
ఇవన్నీ ఎందుకు, పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోండి. మా నాన్న స్కూటరు మీద నుంచి పడి కాలు విరిగితే గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలతో కట్టారు. ఇప్పటికీ బస్సు వెనక పరిగెత్తుతాడు.

పెన్నఒడ్డు
మీ నాన్నకు ఎముక పక్కకు జరగలేదేమో. జరగని ఎముకను కదలకుండా ఉంచితే చాలు, ఎవరు కట్టినా అతుకుతుంది. జరిగిన ఎముకను ఫొటో చూడకుండా కడితే వంకరగా అతుకుతుంది. మా ఊళ్లో ఒకాయన మా తమ్ముడికి బిగించిన కట్టుకు రాత్రికి వేళ్లు నీలం రంగుకు తిరిగాయి. తెల్లవారుజామున కత్తెరతో కోసేశాం. పేరు చెప్పను, ఆయన ఇంకా కడుతూనే ఉన్నాడు.

తాడిపత్రి_బండ
మీ తమ్ముడి కట్టుకూ పుత్తూరు కట్టుకూ ముడిపెట్టకండి.

ఫిజియో_నంద్యాల
కట్టు ఎవరు కట్టినా వేళ్లు చూసుకోవాలి. బొటనవేలి గోరు నొక్కితే తెల్లబడి, వదిలాక రెండు సెకన్లలో ఎర్రదనం రావాలి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నీలంగా మారినా కట్టు విప్పేయాలి. క్రేపు బ్యాండేజి కూడా అంతే. వేళ్ల మొదలు దగ్గర మొదలుపెట్టి, చీలమండ చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పిక్క సగం దాకా. ముందు చుట్టును సగం కప్పుతూ రెండో చుట్టు. కింద గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా. చాలామంది చీలమండకు మాత్రమే నాలుగు చుట్లు చుట్టి వదిలేస్తారు, వాపంతా పాదం మీదికి దిగి రొట్టెలా ఉబ్బుతుంది. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి.

నల్లేరు_పచ్చడి
ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు. మంచం కాళ్ల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. దిండ్లు అర్ధరాత్రి జారిపోతాయి, ఇటుకలు జారవు. ఇది కూడా మా అమ్మమ్మదే.

ఫిజియో_నంద్యాల
దీనికి మాత్రం అమ్మమ్మకు నూటికి నూరు. పాదం గుండె కంటే ఎత్తున ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదుట పీట మీద కాలు చాపితే అది ఎత్తు కాదు.

మగ్గం_గుంత
ధర్మవరం. నాది వేరే బాధ. మూడేళ్ల కిందట ఎడమ కాలు బెణికింది. పట్టు చీర మగ్గం మీద ఉంది, పెళ్లివాళ్లకు తేదీ చెప్పేశాను. నాలుగో రోజే గుంతలో దిగి తొక్కుడు చెక్కలు తొక్కాను. చీర ఇచ్చేశాను. తర్వాత అదే కాలు ఏడాదిలో మూడుసార్లు మడతపడింది, ఒకసారి సాపు నేల మీద నడుస్తుంటేనే. ఇప్పుడు కూడా సాయంత్రానికి వాపు. ఇది ఇంక ఇంతేనా?

పీఈటీ_గుంతకల్లు
ఇంతే కాదు. నొప్పి పోయింది కానీ కాలికి నిలకడ రాలేదు. మడతపడే లోపే కాలిని సర్దే తెలివి చీలమండలో ఉంటుంది, బెణుకుతో అది మందగిస్తుంది. పళ్లు తోముకునేటప్పుడు ఆ ఒక్క కాలి మీదే నిలబడండి, గోడ పక్కన. అరనిమిషం ఆగగలిగాక కళ్లు మూసుకుని. రెండు నెలలు వదలకుండా చేయండి. మా ఖోఖో పిల్లలు ఇది శిక్ష అనుకుంటారు.

మగ్గం_గుంత
ఇప్పుడే చేసి చూశాను. కళ్లు తెరిచే అయిదు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకున్నాను. కుడి కాలి మీద హాయిగా ముప్పై. ఇంత తేడా ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

అనంత_విశ్రాంతి
నొప్పి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మా బావగారికి పద్దెనిమిదేళ్లుగా షుగరు. సప్తగిరి సర్కిల్ దగ్గర బస్సు దిగుతూ కాలు తప్పుగా వేశారు. నొప్పి లేదు. పాదం ఎర్రగా, వాచి, రెండో పాదం కంటే వేడిగా ఉంది. ఒక క్లినిక్‌లో బెణుకన్నారు, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నొప్పి లేదు కాబట్టి మూడు వారాలు మార్కెట్టుకు, గుడికి తిరిగారు. చివరికి పాదం వంపు కూలిపోయి అరికాలు పడవ అడుగులా తయారైంది. షుగరు వల్ల నరాలు మొద్దుబారితే లోపల ఎముకలు నలిగిపోతున్నా తెలియదట. షార్కో పాదం అంటారని అప్పుడు విన్నాం. మొదట్లో ఎక్స్‌రేకు అందదట కూడా. నాలుగు నెలలు సిమెంటు కట్టు.

షుగరు ఉన్న ఇంట్లో నొప్పి లేని వాపును తేలిగ్గా తీసుకోకండి.

ఫిజియో_నంద్యాల
పెద్దాయన చెప్పిందానికి ఇంకో రెండు. చర్మం ఎర్రబడి జ్వరం వస్తే చీము పట్టే రకం జబ్బు కావచ్చు. పిక్క వాచి నొక్కితే నొప్పి, దానికి తోడు ఆయాసం వస్తే రక్తం గడ్డ కావచ్చు. ఈ రెంటికీ ఫోరంలో అడగకూడదు, ఆసుపత్రికి పోవాలి.

కడపగడప
ఎక్స్‌రే అయింది. తీసే అబ్బాయి చీలమండకే పెట్టబోతుంటే పాదం బొడిపె మీద వేలు పెట్టి చూపించాను. సరిగ్గా అక్కడే గోరంత ముక్క ఊడి ఉంది! పక్కకు జరగలేదు. అయిదో మెటాటార్సల్, అంటే చిటికెన వేలి వెనక ఉండే పాదం ఎముక, దాని మొదలు దగ్గర అన్నారు. ఆపరేషను అక్కర్లేదు, సిమెంటు కట్టు కూడా అక్కర్లేదు. గట్టి అడుగున్న బూటు లాంటిది ఇచ్చారు, దాంతో నొప్పి భరించగలిగినంత నడవమన్నారు. ఆరు వారాలు. నిశ్చితార్థానికి వెళ్లవచ్చు, కూర్చునే పని మాత్రమే.

అత్తగారికి ఫిల్ము చూపించాను. కాసేపు చూసి "నా చేతులతో దీన్నా తోమాను" అన్నారు. సాయంత్రం నుంచి నాకు మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు.

ఫిజియో_నంద్యాల
బతికిపోయారు. అదే ఎముకలో ఇంకాస్త ముందుకు విరిగితే అది జోన్స్ ఫ్రాక్చర్. అక్కడ రక్తం తక్కువగా అందుతుంది కాబట్టి ఆలస్యంగా అతుకుతుంది, ఒక్కోసారి స్క్రూ వేయాల్సి వస్తుంది. ఆ పేరు రాబర్ట్ జోన్స్ అనే బ్రిటిష్ ఎముకల వైద్యుడిది. 1902లో ఆయన దాని గురించి రాశాడు, నాట్యం చేస్తూ తన కాలే విరగ్గొట్టుకుని.

ఉగ్గాణి_బజ్జి
ఆయన నాట్యం చేసి విరగ్గొట్టుకున్నాడు, అక్క అంట్లు తోమి. లోకంలో న్యాయం లేదు.

ఫిజియో_నంద్యాల
డాక్టరు సరే అన్నాక ఒక పని మొదలుపెట్టండి. మంచం మీద కాలు చాపి, మోకాలు కదపకుండా, బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయండి. ఇంగ్లీషు అక్షరాలు రాయిస్తారు మామూలుగా, నేను మాత్రం తెలుగు వర్ణమాలే రాయిస్తాను. మన అక్షరాలన్నీ గుండ్రం, చీలమండ అన్ని వైపులకూ తిరుగుతుంది. నొప్పి వస్తే ఆ అక్షరం దగ్గర ఆపేయండి.

కడపగడప
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఎవరైనా ఇంకా చూస్తుంటే. నిశ్చితార్థంలో చీర కింద ఒక కాలికి బూటు, ఒక కాలికి పట్టుచెప్పు. ఫొటోగ్రాఫరు అందరినీ పూర్తిగా తీసి నన్ను నడుము వరకే తీశాడు. వాపు సాయంత్రాలు మాత్రమే కొంచెం. బిళ్లలు మానేసి రెండు వారాలైంది. మామగారి బిళ్లలు ఆ రాత్రే తీసేశాను.

అక్షరాలు రోజూ రాస్తున్నాను. రెండో తరగతి చదివే మా అమ్మాయి మంచం చివర కూర్చుని దిద్దుతుంది. నిన్న "అమ్మా, ఋ కి కొమ్ము మరిచిపోయావు, మళ్లీ రాయి" అంది. బయటి వైపుకు తిప్పే చోటల్లా ఇంకా లాగుతోంది, కాబట్టి నా ఋ అలాగే ఉంటుంది.

మగ్గం_గుంత
నేను ఒంటికాలి మీద పద్దెనిమిదికి వచ్చాను. కళ్లు మూస్తే ఇంకా మూడే.

నల్లేరు_పచ్చడి
ఆ మెట్టు సంగతి ఏమైంది? మళ్లీ అదే బండ మీద నడుస్తున్నారా?

కడపగడప
అదే బండ. ఇప్పుడు దాని మీద గోనెసంచి పరిచాం.

తాడిపత్రి_బండ
సంచి తీసేయండి, తడిసిన సంచి బండ కంటే ఎక్కువ జారుతుంది. నేను పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. తప్పు బండది కాదు, పెరటి మెట్టుకు నున్నటి వైపు పైకి పెట్టిన మేస్త్రీది. బండను లేపి తిరగేయిస్తే గరుకు వైపు వస్తుంది. లేపడం కుదరకపోతే ఉలితో అంగుళానికొక గాటు అడ్డంగా కొట్టించండి, అరపూట పని.

కడపగడప
మేస్త్రీకి ఫోను చేశాను. రేపు వస్తానన్నాడు. అంటే వచ్చే వారమన్నమాట.